ముప్పై ఆరో పేజీ తర్వాత

గురువారం పొద్దున ఆరు దాటినా గోడ అవతల సుత్తి చప్పుడు మొదలవలేదు.

టీచరమ్మ టీ గిన్నె కడిగి, పాల కోసం వీధి తలుపు తీసింది. గుమ్మం దగ్గర ప్యాకెట్టు లేదు. ఎదురింటి గుమ్మం దగ్గరా లేదు. మూడంతస్తుల ఆ భవనంలో పన్నెండు ఇళ్లు. పాలవాడు ట్రేని కింద గేటు దగ్గర పడేసి వెళ్లిపోతాడు. దాన్ని భుజాన పెట్టుకుని మెట్లెక్కి, ఎవరి గుమ్మంలో వాళ్ల ప్యాకెట్టు పెట్టేది పక్కింటి ముసలాయన. ఆయన్ని ఎవరూ అడగలేదు. ఎవరూ వద్దనీ అనలేదు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి చేత మోయిస్తున్నామే అన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చినా, టీ చల్లారేలోగా అది పోయేది.

"అన్నయ్య ఇంకా లేవలేదా ఏమిటే?" అంది అత్తగారు మంచం మీంచి, పక్కింటి గోడవైపు చూస్తూ.

"నిన్న పని ఎక్కువైందేమో అత్తయ్యా."

"పనెక్కువైతే ఇంకో గంట ముందు లేస్తాడు ఆ మనిషి. వెళ్లి తలుపు తట్టు."

తట్టాల్సిన పని లేకపోయింది. తలుపు దగ్గరగా వేసి ఉందంతే. ఆయన పని బల్ల ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. సూదిలో దారం ఎక్కించి ఉంది. చెయ్యి బల్ల మీద చాపి, తల గోడకి ఆనించి ఉన్నాడు. రోజూ పనిలో మధ్యలో ఒక్క నిమిషం అలాగే ఆగేవాడు. టీచరమ్మ రెండుసార్లు "బాబాయిగారూ" అని పిలిచింది. మూడోసారి పిలవలేదు.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగిపోయాయి. కింది అంతస్తు ఎలక్ట్రీషియను డాక్టర్ని తీసుకొచ్చాడు. ఆయన కూతురు వేరే ఊళ్లో బస్సు కండక్టరు, ఆవిడకి ఎవరో ఫోను చేశారు. ఆవిడ మధ్యాహ్నానికి యూనిఫాం మీదే వచ్చింది. ఆ రోజు ఎవరి పాలు వాళ్లే తెచ్చుకోవాల్సి వచ్చింది. కొందరు తెచ్చుకోవటం మరిచిపోయారు. ఎండకి ట్రేలో మిగిలిన ప్యాకెట్లు సాయంత్రానికి ఉబ్బిపోయాయి.

మర్నాడు అంతా ముగిశాక ఎలక్ట్రీషియను మెట్ల మీద టీచరమ్మని ఆపాడు.

"టీచరమ్మా, ఆదివారం పొద్దున అందరం కింద వరండాలో ఓ అరగంట కూర్చుందామనుకుంటున్నాం. జిగురు తాత గురించి నాలుగు మాటలు మీరు రాసి చదవాలి."

"నేనా?"

"మరి నన్ను రాయమంటారా? నేను రాసేది మీటరు రీడింగు ఒక్కటే."

భవనంలో పిల్లలందరికీ ఆయన జిగురు తాతే. పుస్తకాలకి బైండింగు చెయ్యటం ఆయన పని. మైదాపిండిలో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, పొయ్యి మీద తిప్పుతూ ఉడికించిన జిగురు ఆయన గోళ్ల చుట్టూ ఎప్పుడూ తెల్లటి పొరలుగా ఎండి ఉండేది. మైలుతుత్తం విషం కాబట్టి ఆ గిన్నెని గదిలో అన్నిటికంటే ఎత్తున పెట్టేవాడు. పిల్లలు దగ్గరికొస్తే ముందు చేతులు కడుక్కుని, తర్వాతే తలమీద చెయ్యి వేసేవాడు.

శుక్రవారం సాయంత్రం టీచరమ్మ రాయటానికి కూర్చుంది. ఆమె చెప్పేది లెక్కలు. మాటలు కూడా లెక్కగానే వాడుతుంది. 'మంచివాడు' అని రాసింది. దాని ముందు 'చాలా' అని పెట్టి, తీసేసింది. 'కష్టజీవి' అని రాసి, ఆ మాట ఎవరి గురించైనా రాయొచ్చుననిపించి కాగితం చించేసింది. చించగానే నోటుపుస్తకం రెండో వైపునుంచి ఇంకో కాగితం వదులై ఒళ్లో పడింది.

ఆ నోటుపుస్తకం ఆయన కుట్టి ఇచ్చిందే. ఇలా చించినప్పుడల్లా కోప్పడేవాడు. "చించకమ్మా, తప్పు రాస్తే గీత పెట్టి కొట్టెయ్. నీకివి రెండు కాగితాలు. నాకొక్కటే. మధ్యలో మడిచి దారం వేశాను. ఒకటి చించితే దాని జతది ఎక్కడో అటు ఊడుతుంది. పాపం, అదేం చేసింది?"

"ఏం రాశావు? చదువు," అంది అత్తగారు.

"ఇంకా ఏం రాయలేదత్తయ్యా."

"గంటనుంచీ కూర్చున్నావుగా? నా పుస్తకం సంగతి రాయి. అది చాలు ఆయనెలాంటివాడో చెప్పటానికి."

అత్తగారి పుస్తకం ఒక పాత డిటెక్టివు నవల. అట్ట లేదు, చివరి పదహారు పేజీలూ లేవు. బాగుచెయ్యమని ఆయనకిచ్చి ఏడాదిన్నర అయింది. ఆ పేజీల కోసం ఆయన పాత పుస్తకాల దుకాణాలన్నీ తిరిగాడు. అత్తగారు కనిపించినప్పుడల్లా సాధించేది. "హంతకుడెవరో తెలియకుండా నేను పోయానంటే ఆ పాపం నీదే అన్నయ్యా!" ఆయన నవ్వేవాడు. "అందుకేగా చెల్లెమ్మా, నిదానంగా వెతుకుతున్నాను."

టీచరమ్మ ఆ మాట రాసుకుంది. పాల ట్రే గురించి రాసింది. వాన పడే ముందు డాబా మీదికెక్కి నీళ్లు పోయే గొట్టంలో ఆకులు తీసే సంగతి రాసింది. చివర్న కాసేపు ఆలోచించి ఇంకో వాక్యం రాసింది: 'పనిలో ఎప్పుడైనా పొరపాటు దొర్లినా, దాన్ని దాచకుండా దిద్దుకునేవాడు, మేమెవరం దాన్ని మనసులో పెట్టుకోలేదు.'

ఆ వాక్యం ఆమెకి నచ్చింది. పొగడ్త మాత్రమే అయితే అబద్ధంలా ఉంటుంది. ఇది నిజం. రెండేళ్ల క్రితం ఆమె తయారుచేసిన లెక్కల అభ్యాస పుస్తకాన్ని బడివాళ్లు రెండువందల కాపీలు అచ్చు వేయించారు. బైండింగు ఆయనకే ఇచ్చారు. తీరా పిల్లలకి పంచాక చూస్తే ముప్పై ఆరో పేజీ తర్వాత నలభై ఒకటో పేజీ ఉంది. పేజీలు తారుమారు. బడి పనుల రిజిస్టరులో కారణం రాయాల్సింది ఆమే. రాసింది: 'బైండరు అజాగ్రత్త.' రెండే మాటలు. ఆయన కాపీలన్నీ వెనక్కి తీసుకెళ్లి తొమ్మిది రోజుల్లో సరిచేసి తెచ్చాడు. అయినా ఆ తర్వాత బడి పని బజార్లో వేరే దుకాణానికి పోయింది. పక్కింటి మనిషితో మాట్లాడటం మాత్రం ఆమె ఒక్కరోజూ మానలేదు. క్షమించటమంటే అంతే కదా అనుకుంది.

శనివారం గది ఖాళీ చెయ్యటానికి టీచరమ్మ సాయం వెళ్లింది. ఆయన కూతురికి మూడు రోజులే సెలవు. కొంగు నడుముకి బిగించి, అల్మారా ముందు స్టూలు వేసుకుని నిలబడి ఉంది.

"పైనుంచి కిందికొద్దాం టీచరుగారూ. కిందినుంచి మొదలెడితే పైనున్నదంతా నెత్తినపడుతుంది. బస్సులో సామాన్లు దించేటప్పుడు నేర్చుకున్న చదువిది. రైట్, పట్టుకోండి!"

పట్టుకోవటానికి ఎక్కువేం లేవు. సూదుల డబ్బా. దారానికి రాసే మైనం ముద్ద, మధ్యలో దారం లాగి లాగి లోతైన గాడి పడింది. రంగులవారీగా చుట్టిన బైండు గుడ్డ పీలికలు. అరచేతిలో పట్టుకునే చోట నున్నగా అరిగిపోయిన చెక్క సుత్తి. కూతురు ఆ సుత్తిని తీసుకుని, పట్టు సరిగ్గా కుదరక అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎడమచేతివాటం," అంది. "మరిచేపోయాను."

బల్ల చివర బిగింపు చట్రంలో ఒక లావు పుస్తకం ఉంది. కుట్టటం అయింది, వెన్ను గుండ్రం చెయ్యటం అయింది, అట్ట వెయ్యలేదు. టీచరమ్మ గుర్తుపట్టింది. "ఇది మా అత్తయ్య నవల!"

కూతురు మర తిప్పి చట్రం వదులు చేసి, పుస్తకాన్ని జాగ్రత్తగా బయటికి తీసింది. చివరి పదహారు పేజీలు వేరే రంగులో ఉన్నాయి, కొంచెం పసుపు ఎక్కువ. ఇంకేదో కాపీలోంచి తెచ్చి కలిపి కుట్టాడు.

"దొరికాయన్నమాట," అంది టీచరమ్మ. "మాతో చెప్పనేలేదు."

"అట్ట వేసి చేతికిస్తే తప్ప చెప్పడు. నాకు పెళ్లి సంబంధం చూసినప్పుడూ అంతే, అంతా అయ్యాక చెప్పాడు."

ఇద్దరూ నవ్వారు. తర్వాత కూతురు కొంగుతో ముఖం తుడుచుకుని, గాజు గ్లాసులు చుట్టటానికి కాగితాల కోసం బల్ల కింద వెతికింది. అట్టల వెనక ఒక కట్ట దొరికింది. అచ్చువేసి మడవని పెద్ద కాగితపు తావులు. ఒక్కో తావుకి అటు ఎనిమిది, ఇటు ఎనిమిది పేజీలు. సగం పేజీలు తలకిందులుగా ఉన్నాయి.

"మిగిలిపోయిన తావులు. ఇవి చాలు." ఒకటి తీసి గ్లాసు చుట్టబోయి ఆగింది. "చిన్నప్పుడు సెలవుల్లో నా పని ఇదే తెలుసా? ఒక మడత, రెండు, మూడు. పదహారు పేజీలు." చెబుతూనే మడిచేసింది. వేళ్లకి ఆ పని ఇంకా గుర్తుంది. గోటితో మడత నొక్కి, అంచులు కత్తితో చీల్చి, టికెట్ల కట్ట తిరగేసినట్టు బొటనవేలితో పేజీలు వదిలింది. "ముప్పై మూడు, ముప్పై నాలుగు, ముప్పై ఐదు, ముప్పై ఆరు, నలభై ఒకటి. అదేంటి?"

టీచరమ్మ గ్లాసు కింద పెట్టింది.

"తప్పు మడిచారేమో."

"నేనా? మడతకి ఒకటే దారండీ. ఇంకోలా మడిస్తే అంకెలు తలకిందులవుతాయి." ఇంకో తావు తీసి మడిచింది. చీల్చింది. ముప్పై ఆరు, నలభై ఒకటి. "ఇది మడతలో తప్పు కాదు, అచ్చులోనే తప్పు. పేజీలు పేర్చేటప్పుడే ఒకదాని చోట ఒకటి పెట్టారు. అచ్చాఫీసువాళ్ల ఘనకార్యం. దీన్ని ఆ దేవుడొచ్చి మడిచినా ఇంతే."

టీచరమ్మ కట్టని తన ముందుకు లాక్కుంది. కట్ట అడుగున దారంతో చుట్టిన ఒక తావు విడిగా ఉంది. దాన్ని తీసి విప్పింది. అంచుల్లో అక్కడక్కడా ఎర్రసిరా దిద్దుబాట్లు. ముప్పై ఎనిమిదో పేజీలో ఒక జవాబు డెబ్భై రెండు అని పడితే, కొట్టేసి ఇరవై ఏడు అని రాసి ఉంది. కింద మూలన గుండ్రటి అక్షరాలు: 'సరిచూశాను. అచ్చు వేయవచ్చు.' సంతకం. తేదీ.

ఆ సంతకం ఆమెదే.

ఆ తావు ఇంటికి తెచ్చుకున్న రోజు గుర్తొచ్చింది. నేలమీద పరిచి, మోకాళ్ల మీద దాని చుట్టూ తిరుగుతూ, తలకిందుల పేజీలు చదవటానికి అటువైపు వెళ్లి కూర్చుని, ప్రతి లెక్కా మళ్లీ చేసి చూసింది. ఒక్క అంకె వదల్లేదు. ఏ పేజీ పక్కన ఏ పేజీ ఉందో మాత్రం చూడలేదు. మడవని తావు ఎలాగూ కలగాపులగంగానే ఉంటుంది కదా అనుకుంది. అచ్చాఫీసువాళ్లు ఆ తావునే, నమూనాకని, అచ్చయిన వాటితోపాటు బైండరుకి పంపారు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆ గొడవ జరిగిన వారంలో ఒక సాయంత్రం ఆయన వాళ్ల గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో చుట్టిన కాగితం ఏదో ఉంది. ఆమె పరీక్ష పేపర్లు దిద్దుతోంది. తల ఎత్తి, ఆయన్ని మాట్లాడనివ్వకుండానే, ఎంతో మెత్తగా అంది: "ఫరవాలేదు బాబాయిగారూ. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నేను మనసులో పెట్టుకోలేదు." ఆయన ఒక్క క్షణం ఆమె చేతిలోని ఎర్ర పెన్ను వైపు చూశాడు. "సరేనమ్మా," అన్నాడు. చుట్టిన కాగితాన్ని చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"ఇది నేను తీసుకోనా?" అంది టీచరమ్మ. తావుని అప్పటికే చుట్టేసింది.

"చిత్తు కాగితమేగా, తీసుకోండి," అంది కూతురు, గ్లాసు చుడుతూ, తల ఎత్తకుండా.

నవలని చూసి అత్తగారు ముందు చివరి పేజీలు తడిమింది. తర్వాత పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

"చదవరా అత్తయ్యా?"

"అట్ట లేకుండా ఎలా చదువుతాను? నీ ముఖమేంటి అలా ఉంది?"

టీచరమ్మ తావుని మంచం మీద పరిచి, ఉన్నదంతా చెప్పింది. అత్తగారు ఎర్రసిరా అక్షరాల్ని కళ్లజోడు పెట్టుకుని చదివింది, తీసేసి మళ్లీ చదివింది.

"లెక్కల టీచరువి కదే నువ్వు. ముప్పై ఆరు తర్వాత ఎంతొస్తుంది?"

"ముప్పై ఏడు."

"చూశావా, తెలుసు." తావు అంచుని వేలితో సర్దింది. "అయితే రెండేళ్లనుంచీ నువ్వు ఆయన్ని క్షమించావన్నమాట."

"అనుకున్నానత్తయ్యా."

"ఆయన మాత్రం ఈ గోడ పక్కనే కూర్చుని నిన్ను క్షమించాడు. ఎవరికీ చెప్పకుండా. ఇక్కడికి పాల ప్యాకెట్టు తెచ్చి పెడుతూ." ఆవిడ గొంతులో కోపం లేదు. అందుకే వినటం కష్టమైంది. "ఇప్పుడేం చేస్తావు?"

"ఈ తావు సంగతి మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు."

"తెలియదు."

"ఆయన కూతురికి అచ్చాఫీసు తప్పని మాత్రమే తెలుసు. నా సంతకం చూడలేదు."

"చూడలేదు," అంది అత్తగారు. నవలని దిండు పక్కన పెట్టి అటు తిరిగి పడుకుంది. టీచరమ్మకి అత్తగారి వీపు మాత్రమే కనిపించింది.

ఆదివారం పొద్దున వరండాలో ఎవరి కుర్చీలు వాళ్లు తెచ్చుకున్నారు. ఎలక్ట్రీషియను జిగురు తాత పని కుర్చీని కూడా కిందికి తెచ్చి పక్కన పెట్టాడు. అందులో ఎవరూ కూర్చోలేదు. ఆయన కూతురు ముందు వరసలో, ఊరెళ్లే సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది. పదకొండు గంటలకి ఆవిడ బస్సు.

టీచరమ్మ చదివింది. పాల ట్రే దగ్గర కొందరు తలలు దించుకున్నారు. 'అందుకేగా నిదానంగా వెతుకుతున్నాను' అన్న మాటకి అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా అత్తగారే నవ్వింది. చివరి వాక్యం దగ్గరికి వచ్చింది. ఆ వాక్యాన్ని రాత్రే గీత పెట్టి కొట్టేసింది. చించలేదు. కాగితం మడిచి, మడిచిన తావుని సంచీలోంచి తీసింది.

"ఇది కాగితం మీద లేదు," అంది. "చెబుతాను."

చెప్పింది. క్లాసులో లెక్క చెప్పినట్టే, ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టుగా చెప్పింది. పుస్తకం, తావు, సంతకం, రిజిస్టరులో రెండు మాటలు, గుమ్మంలో నిలబడ్డ సాయంత్రం. ఎక్కడా గొంతు పెంచలేదు, ఎక్కడా ఆగలేదు. చివర్న తావుని రెండు చేతులతో విప్పి, ఎర్రసిరా ఉన్న మూలని అందరివైపూ తిప్పింది.

ఎవరో కుర్చీ జరిపారు. ఎలక్ట్రీషియను సర్దిచెప్పబోయాడు. "అచ్చాఫీసు తప్పు కదా టీచరమ్మా. మధ్యలో మీరేం చేస్తారు?"

"సరిచూశానని రాసింది నేను."

కూతురు లేచి వచ్చి తావుని చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"రెండేళ్ల కిందట నాన్న ఫోనులో చెప్పాడు, బడి పని మానేశానని. చూపు ఆనటం లేదన్నాడు. నేను తిట్టాను కూడా, అదొక్కటైనా చేసుకోక ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటావా అని." తల ఎత్తింది. "అయితే మానెయ్యలేదన్నమాట. మాన్పించారన్నమాట."

"అవును," అంది టీచరమ్మ.

"రెండువందల పుస్తకాలు. ప్రతిదాంట్లో నడిమి కాగితాలు మడత దగ్గర కోసి, అటుది ఇటు, ఇటుది అటు మార్చి, పట్టీ అతికించి, మళ్లీ కుట్టాలి. తొమ్మిది రోజుల్లో ఎట్లా చేశాడో! రోజుకి ఇరవై రెండు పైమాటే." ఆవిడకి కోపం వచ్చిందో, గర్వం వచ్చిందో టీచరమ్మకి అర్థం కాలేదు. రెండూ వచ్చాయనుకుంది.

"క్షమించమని అడగటానికి..."

"నన్నడగకండి టీచరుగారూ. నేను ఊరెళ్లేదాన్ని. వీళ్లనీ అడగకండి, వీళ్లకి మీరేం చెయ్యలేదు." తావుని మడిచింది. ఒకటి, రెండు, మూడు. మడతని గోటితో నొక్కి టీచరమ్మ చేతిలో పెట్టింది. "ఎక్కడ రాశారో అక్కడ రాయండి."

సంచీ భుజాన వేసుకుంది. వెళ్తూ వెళ్తూ అత్తగారి దగ్గర వంగింది. "వస్తానత్తా. సుత్తి మీ ఇంట్లో పెట్టాను, ఉండనివ్వండి. మా ఇంట్లో అందరిదీ కుడిచేతివాటమే."

సోమవారం మొదటి గంట కాకముందే టీచరమ్మ ఆఫీసుగదిలో పనుల రిజిస్టరు అడిగి తీసుకుంది. క్యాలికో గుడ్డ వెన్ను, ముదురు నీలం అట్ట. ఐదేళ్లనుంచి రోజూ తీసి పెడుతున్నా ఒక్క కాగితం వదులవలేదు. ఎవరు కుట్టారో ఎవరూ చెప్పాల్సిన పనిలేదు.

హెడ్మాస్టరు ఆమె చెప్పిందంతా విన్నాడు. చెడ్డవాడు కాడు. నీళ్లు తాగమని గ్లాసు ముందుకు జరిపాడు.

"ఎప్పుడో మూసేసిన సంగతమ్మా. ఇప్పుడు తవ్వితే ఆయనకేమైనా ఒరుగుతుందా? పైగా వచ్చే నెల తనిఖీ. మీ పై గ్రేడు ప్రమోషను కాగితాలు ఆ తనిఖీవాళ్ల దగ్గరే ఉన్నాయి. సరిచూడకుండా సరిచూశానని సంతకం చేశానని మీ చేత్తో మీరే రాసిస్తే, చూసేవాళ్లేమనుకుంటారు?"

"జరిగింది అదే కదా సార్."

"పోనీ, ఒక పని చేద్దాం. ఆ ఒక్క కాగితం తీసేయండి. ఎవరికీ మచ్చ ఉండదు, ఆయనకీ, మీకూ. నేను చూడలేదనుకోండి."

టీచరమ్మ ఆ పేజీ తీసి, వేలు అక్కడే పెట్టి, కుట్టు దాటి అటువైపు కాగితాలు లెక్కపెట్టింది. జత కాగితం దొరికింది. దానిమీద బెంచీల మరమ్మతు వివరాలు, ఎవరిదో వడ్రంగి సంతకం ఉన్నాయి.

"ఇది చించితే అటుది కూడా ఊడుతుంది సార్."

"ఎందుకూ?"

"ఇవి రెండూ ఒకటే కాగితం. మధ్యలో ఆయన దారం ఉంది."

హెడ్మాస్టరు అయోమయంగా చూశాడు. ఆమె పెన్ను తీసింది. ఎర్రది కాదు, మామూలు నీలంది. 'బైండరు అజాగ్రత్త' అన్న మాటల్ని చెరపలేదు. అడ్డంగా ఒక గీత పెట్టింది, కింద మాటలు కనిపించేట్టుగానే. దానికింద రాసింది: 'పై మాటలు తప్పు. పేజీలు తారుమారైంది అచ్చు తావులోనే. ఆ తావును సరిచూశానని అనుమతించింది నేను. బైండరు తన తప్పు కాకపోయినా రెండువందల కాపీలనూ సరిచేసి ఇచ్చాడు.' సంతకం చేసి తేదీ వేసింది. మడిచిన తావుని ఆ పేజీలో పెట్టింది. రిజిస్టరులో దిద్దుబాటు చెల్లాలంటే పక్కన హెడ్మాస్టరు సంతకం కావాలి. అందుకు సన్నగా ఒక గీత గీసి, రిజిస్టరుని ఆయనవైపు తిప్పింది.

ఆయన చదివాడు. పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు.

"అక్కడ ఉంచండమ్మా. చూస్తాను."

గంట కొట్టారు. ఆమె క్లాసుకి వెళ్లింది.

మంగళవారం సాయంత్రం టీచరమ్మ జిగురు ఉడికించింది. మైలుతుత్తం వెయ్యటానికి భయపడి మానేసింది. తిప్పుతూనే ఉన్నా ఉండలు కట్టింది. అత్తగారు గరిటెతో ఓ ఉండని పైకెత్తి చూసి, "దీంతో అట్ట అతుక్కోదు, నోళ్లు అతుక్కుంటాయి" అంది. బుధవారం ఇంకోసారి ఉడికించింది. కొంచెం మెరుగు. అట్టని కొలిచి కోసింది, ఒకవైపు వేలెడు పొట్టైంది.

"నాకు చేతకాకపోతే బజార్లో ఇచ్చి వేయించనా అత్తయ్యా? మీరు హంతకుడెవరో తెలుసుకోవాలిగా?"

అత్తగారు అట్టలేని నవలని దిండుకిందికి తోసేసింది. "బజార్లో ఎందుకు? నువ్వే వెయ్యి. నిదానంగానే వెయ్యి."

గురువారం పొద్దున ఆరింటికి టీచరమ్మ గేటు దగ్గరికి దిగింది. పాల ట్రే ఒక్కతే ఎత్తలేకపోయింది. ఎలక్ట్రీషియను లుంగీ సర్దుకుంటూ వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. రెండో అంతస్తు దాటేసరికి ఇద్దరికీ ఆయాసం వచ్చి, ట్రేని మెట్టు మీద దించి నిలబడ్డారు.

"ఒక్కడే ఎలా ఎక్కేవాడు టీచరమ్మా?" అన్నాడతను.

ఆమెకి తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

మిగిలిన పదకొండు గుమ్మాల్లో ప్యాకెట్లు పెట్టి, స్నానం చేసి, బడికి వెళ్లింది. ఆఫీసుగదిలో రిజిస్టరు హెడ్మాస్టరు బల్ల మీద అదే చోట ఉంది. దానిమీద హాజరు పుస్తకం ఒకటి పెట్టి ఉంది. ఆమె హాజరు పుస్తకాన్ని పక్కకి జరిపి, పేజీ తెరిచి చూసింది. తను గీసిన గీత మీద సంతకం ఇంకా పడలేదు.